మగ్గాల షెడ్డు మాట

శనివారం సాయంత్రం పాత మిల్లు గేటు దగ్గరికి వెళ్తే మీకు మొదట ఎదురయ్యేది కండెలక్క. కనిపించే ముందే వినిపిస్తుంది. మనిషి పిడికెడంత ఉంటుంది గానీ గొంతు మాత్రం కాలువ అవతలి ఒడ్డుదాకా వెళ్ళి వస్తుంది. "అందరూ వచ్చినట్టేనా? ఫోన్లు జేబుల్లో పెట్టండి, కళ్ళు బయట పెట్టండి. నా వెనకే రండి" అంటుంది. ఆ మాటకు ఎంత పెద్ద ఉద్యోగస్తులైనా బడిపిల్లల్లా వరస కడతారు. కట్టకపోతే ఏమవుతుందో ఇంతవరకూ ఎవరూ ధైర్యం చేసి చూడలేదు.

ఆ పేటను చూడ్డానికి ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. ఒకప్పుడు పని ఉన్నవాళ్ళు తప్ప అటువైపు తొంగిచూసిన పాపాన పోయినవాడు లేడు. పొగ, నూనె వాసన, కాలువలో రోజుకో రంగు నీళ్ళు. ఇప్పుడు నూలు గోదాములో బొమ్మల ప్రదర్శనలు పెడుతున్నారు. అద్దకం షెడ్డులో నాటకాలు ఆడుతున్నారు. బాయిలర్ గదిలో కాఫీ అమ్ముతున్నారు. సరుకును పడవల్లోకి ఎక్కించే రేవు మీద దీపాల తోరణాలు కట్టి, వాటి కింద బల్లలు వేశారు. ఇక మగ్గాల షెడ్డు సంగతి చెప్పనక్కర్లేదు. పొద్దు వాలి పాట మొదలైందంటే కుర్రకారంతా అక్కడే. పత్రికలవాళ్ళు దీన్ని పునర్జన్మ అని రాస్తుంటారు. మిల్లు బతికున్న రోజుల్లో ఒక్కనాడూ మొహం చూపించనివాళ్ళు పునర్జన్మ గురించి మాత్రం ఎంత ముచ్చటగా రాస్తారో.

కండెలక్కకు ఆ మాటంటే ఒళ్ళుమంట. "చచ్చిందని ఎవరు చెప్పారు మీకు? మేమంతా ఇక్కడే ఉన్నాం కదా" అని, తన వెనక నడిచేవాళ్ళను గేటు దగ్గరే ఒకసారి దులిపి మరీ లోపలికి తీసుకెళ్తుంది. అలా దులిపించుకోవడానికే రెండోసారి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

ఆమె అసలు పేరు చెప్పమంటే కట్టుకున్న మొగుడు కూడా కాస్త తడుముకుంటాడు. మిల్లులో చేరినప్పుడు ఆమె పని మగ్గాలకు కండెలు అందించడం. పోగును అటూ ఇటూ మోసే నాడెలో పెట్టే నూలు కండెలను బుట్టలో వేసుకుని, మగ్గానికీ మగ్గానికీ మధ్య సందుల్లో పరుగెత్తాలి. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పరుగెత్తాలి కూడా, చున్నీ కొసో జడ కొసో మగ్గాన్ని తిప్పే పట్టీకి తగిలిందంటే అంతే సంగతులు. ఆమె పరుగు చూసి ఎవరో కండెలక్క అన్నారు. ఆ పేరు ఆమెకంటే ముందు పరుగెత్తి పేటంతా పాకింది. తర్వాత మగ్గం మీదికి ఎదిగినా, పెళ్ళయినా, జుట్టు నెరిసినా పేరు మాత్రం మారలేదు.

మగ్గాల షెడ్డు మోత ఎలా ఉండేదో అక్కడ నిలబడనివాళ్ళకు చెప్పి ఒప్పించడం కష్టం. వందల మరమగ్గాలు ఒకేసారి ఆడేవి. ప్రతి మగ్గంలోనూ నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు కొట్టుకునేది. చెవి పక్కన నోరు పెట్టి అరిచినా వినపడేది కాదు. కొత్తగా చేరినవాళ్ళు వారం రోజులు తల పట్టుకుని తిరిగేవాళ్ళు. అలాగని మాటలు ఆగుతాయా? అంతమంది ఆడవాళ్ళు ఒక్కచోట ఉండి, పొద్దస్తమానం నోరు కట్టేసుకుని పనిచేస్తారని ఎవరైనా అనుకుంటే వాళ్ళ అమాయకత్వానికి దండం పెట్టాలి. గొంతు పనికిరాకపోతే పెదాలతో మాట్లాడుకున్నారు. శబ్దం లేకుండా, పెదాలు నిండుగా తిప్పి, కనుబొమలు కలిపి, అవసరమైతే చెయ్యి ఒకటి జోడించి. లేని మీసం మెలేస్తే మేస్త్రీ వస్తున్నాడని. చెంపకు అరచెయ్యి ఆనిస్తే ఇంట్లో పసివాడు నిద్రపోనివ్వలేదని. షెడ్డు ఈ చివర పుట్టిన కబురు ఆ చివరికి చేరేలోపు నాలుగు రంగులు పూసుకునేది. కబురు కబురే కదా, మోతలో చెబితే మాత్రం రంగు పూసుకోదా?

ఆ మాట కండెలక్కకు నేర్పింది ఎదురు మగ్గం మనిషి. పేటంతా ఆవిడను పెద్దక్క అనేవాళ్ళు. పొడుగాటి మనిషి, నిటారుగా నిలబడేది, నవ్వు వస్తే మొహం పక్కకు తిప్పుకుని నవ్వేది. ఆవిడకు ఒక తమ్ముడు, బాయిలర్ గదిలో పని. ఎదురు మగ్గం పిల్ల పరుగూ, మాటకారితనమూ చూసీ చూసీ ఒకరోజు పెద్దక్క నాడె మార్చుకుంటూనే పెదాలతో అడిగేసింది: మా తమ్ముణ్ణి చేసుకుంటావా అని. ఈవిడ తెగిన పోగు ముడేస్తూనే, ముందు చూపించండి అంది. చూపించారు, నచ్చాడు, పెళ్ళయింది. అంత మోతలో జరిగిన సంబంధం అది, ఒక్క పొల్లు మాట దొర్లలేదు. అలా పెద్దక్క ఆమెకు వదిన అయింది. ఎదురు మగ్గం మనిషి ఎదురు గది మనిషి కూడా అయింది.

బాయిలర్ గది మగ్గాల షెడ్డుకు దూరం. అందుకని ఆయనకు పెదాల మాట మిల్లులో రాలేదు. పెళ్ళయ్యాక ఇంట్లో నేర్చుకున్నాడు. చూసి అర్థం చేసుకోగలడు గానీ తిరిగి జవాబివ్వలేడు. మొగుళ్ళు చాలామంది అంతే కదా అని కండెలక్క అంటుంది.

మిల్లు మూతపడింది. ఎందుకు మూతపడిందో తలా ఒక కారణం చెప్పారు. అన్నీ నిజమే అయ్యుంటాయి. మగ్గాలు పాత ఇనుము కింద పోయాయి. గేటుకు గొలుసు వేశారు. షెడ్డు పైకప్పు రంపం పళ్ళలా ఉంటుంది, ఆ పళ్ళ మధ్య అద్దాలు ఒక్కొక్కటే పగిలాయి. లోపల పిచ్చిమొక్కలు మొలిచాయి. పెద్దక్క ఆ గేటు ముందు నిలబడి, ఇక ఈ గడప తొక్కితే ఒట్టు అంది. మాట అన్నదంటే అన్నదే. ఆవిడ బజారుకు వెళ్ళాలన్నా ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళేది.

ఏళ్ళు గడిచాయి. ఎవరో కొందరు చదువుకున్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ గొలుసు విప్పారని, లోపల ఊడుస్తున్నారని, సున్నాలు వేస్తున్నారని కబురొచ్చింది. కండెలక్క ఆ రోజు అక్కడికి వెళ్ళింది తిట్టడానికే. మా చెమట మీద మీ సోకులేమిటని కడిగేసి రావాలని మొగుడికి చెప్పి మరీ బయల్దేరింది. దారి పొడవునా తిట్లు ఏరుకుంటూ వెళ్ళింది, అన్నీ మంచివే.

షెడ్డులో అడుగుపెట్టాక ఒక్క తిట్టూ నోటికి రాలేదు. గోడలు కడిగారు, అద్దాలు వేశారు. నేల మీద మాత్రం చెయ్యి పెట్టలేదు. మగ్గాలను బిగించిన బోల్టుల గుంతలు వరసలు వరసలుగా అలాగే ఉన్నాయి, నూనె మరకలూ అలాగే ఉన్నాయి. ఎవరో వేదిక మీద వాయిద్యాలు సరిచూసుకుంటున్నారు. పెద్ద డ్రమ్ము ఒకటి మోగింది. ఆ దెబ్బ చెవుల్లోంచి కాదు, అరికాళ్ళలోంచి వచ్చింది ఆమెకు. మిల్లు నడిచిన రోజుల్లో ఆ నేల అచ్చం అలాగే వణికేది. కండెలక్క తన మగ్గం ఉన్నచోట, నాలుగు గుంతల మధ్య, నిలబడి ఏడ్చింది. అది దుఃఖం కాదని ఆమె ఇప్పటికీ అంటుంది. ఇంటిమనిషి తిరిగొస్తే వచ్చే ఏడుపట అది.

షెడ్డు నడిపే పొట్టిజుట్టు అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది. ఎందుకొచ్చారని అడగలేదు, ఇక్కడ మీరేం చేసేవారని అడిగింది. అడిగిందే తడవుగా కండెలక్క సాయంత్రం దాకా చెప్పింది. ఆ అమ్మాయి వెళ్ళి స్నేహితులను పిలుచుకొచ్చింది. మరుసటి వారం మళ్ళీ చెప్పమన్నారు. ఆ మరుసటి వారం, కూర్చుని కాదు, నడుస్తూ చెప్పండి, నలుగురూ వింటారు అన్నారు. అలా మొదలైంది శనివారం నడక.

ఇంట్లో ఆ సంగతి చెప్పిన రోజు పెద్దక్క పెద్దగా ఏమీ అనలేదు. "మన బతుకులు తెల్లారిన చోట వాళ్ళు చిందులేస్తుంటే నువ్వు ముందు నడిచి దారి చూపిస్తావా పిల్లా?" అంది. అని మొహం తిప్పేసుకుంది. మామూలు ఇళ్ళల్లో మొహం తిప్పుకోవడమంటే అలక. మగ్గాలవాళ్ళ ఇంట్లో అది తలుపు గడియ పెట్టుకోవడం. మొహం చూడకపోతే మాట చేరదు. ఆ రోజు నుంచి వదిన ఆమె వైపు సూటిగా చూడటం మానేసింది.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. పెద్దక్కకు చెవులు పోయాయి. మగ్గాల మోత కొంచెం కొంచెంగా తిని, ఆఖరికి మొత్తం తినేసింది. చెవిలో పెట్టుకునే మిషన్ కొనిచ్చారు. అది గరగర శబ్దాలు చేస్తోందని సొరుగులో పడేసింది. పేరంటాలకు పిలిచినా, పలకరింపులకు పిలిచినా ఒంట్లో బాగాలేదనేది. ఎవరైనా ఇంటికొస్తే నవ్వి తలూపేది. ఏమడిగినా నవ్వు, ఏం చెప్పినా తలూపు. అలా నవ్వీ నవ్వీ విసిగిపోయి, ఎవరి గొంతు, కాదు, ఎవరి నీడ గుమ్మంలో పడినా తన గదిలోకి వెళ్ళిపోయేది. పెదాలు చదవగలదు కదా అంటారేమో. మిల్లువాళ్ళు తిప్పినట్టు ఊళ్ళోవాళ్ళు పెదాలు తిప్పరు. గొణుగుతారు, పక్కకు చూస్తూ మాట్లాడతారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. మీరు మొహం ఇటు పెట్టి చెప్పండి అని అడగొచ్చు. అడిగితే చెవులు పోయాయని ఒప్పుకున్నట్టే. షెడ్డులో ఏ మూల ఏ కబురు పుట్టినా అందరికంటే ముందు పట్టుకున్న మనిషికి ఆ మాట నోట రాలేదు.

కండెలక్కను పీక్కుతిన్న బాధ ఇదే. ఊరంతా వచ్చి తన నడక మెచ్చుకుంటోంది. మాట నేర్పిన మనిషి మాత్రం నాలుగు గోడల మధ్య మాట లేకుండా ఎండిపోతోంది. ఒక్క సాయంత్రం వదినను ఆ షెడ్డులో నిలబెట్టాలి. నిలబెడితే ఏమవుతుందో ఆమెకు తెలియదు. నిలబెట్టకపోతే ఏమవుతుందో మాత్రం రోజూ కళ్ళారా చూస్తోంది. బతిమాలింది, మొగుడితో చెప్పించింది, అలిగి అన్నం మానేసి చూసింది. చివరికి ఆకలికి ఆగలేక తినేసింది తప్ప వదిన కదల్లేదు.

కదిలించింది ఆమె చేసిన ఒక పొరపాటు. అది మగ్గాలవాళ్ళు తప్ప ఇంకొకరు చెయ్యలేని పొరపాటు.

ఒక రోజు పెద్దక్క తన గదిలో బీరువా వైపు తిరిగి జుట్టు దువ్వుకుంటోంది. ఆవిడ వీపు వెనక, గుమ్మంలో కండెలక్క నిలబడింది. ఆమెకు ఎదురుగా, గది లోపల నేల మీద కూర్చుని మొగుడు చెప్పులు తుడుచుకుంటున్నాడు. చెవులు వినపడని మనిషి వెనక ఏ మాటైనా గొంతెత్తి మాట్లాడుకోవచ్చు, ఏ ప్రమాదమూ లేదు. ఊళ్ళో ఎవరైనా అదే చేస్తారు. కానీ మిల్లు మనిషికి రహస్యం అంటే గొంతు లేకుండా చెప్పేదే. అలవాటు ప్రకారం కండెలక్క గొంతు నొక్కేసి, పెదాలు నిండుగా తిప్పుతూ, కనుబొమలు కూడా కలిపి, విషయమంతా మొగుడికి వివరించింది. వదినకు కోపం మిల్లు మీద కాదు, చెవులు పోయాయని నలుగురికీ తెలిసిపోతుందని భయం, అందుకే గడప దాటదు, మిల్లు ఒక వంక మాత్రమే అని.

మొగుడి చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆయన భార్య వైపు చూడటం లేదు, తల వెనక్కి తిప్పి బీరువా వైపు చూస్తున్నాడు. బీరువాకు నిలువుటద్దం ఉంది. అద్దంలో పెద్దక్క దువ్వెన జుట్టులో సగంలో ఆగి ఉంది. గట్టిగా అరిచి చెప్పినా చేరని మాట గొంతు లేకుండా చెప్పడం వల్ల అద్దంలోంచి అక్షరం పోకుండా చేరింది.

పెద్దక్క నెమ్మదిగా వెనక్కి తిరిగింది. చాలా రోజుల తర్వాత మరదలి మొహంలోకి సూటిగా చూసింది. చెవులు పోయినవాళ్ళ గొంతుకు హద్దు తెలియదు, ఆ మాట వీధి చివరికి వినిపించి ఉంటుంది.

"ఎవరికే భయం?"

మొగుడు చెప్పుల మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

"శనివారం ఎన్నింటికి నీ ఊరేగింపు?" అంది పెద్దక్క.

షరతులు పెట్టింది, మనిషి ఆవిడాయె. తనను ఎవరికీ పరిచయం చెయ్యకూడదు. మెచ్చుకోమని అడగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, చెవుల ఊసు ఎవరి దగ్గరా ఎత్తకూడదు. ఎత్తితే అక్కడి నుంచి అటే వెళ్ళిపోతానంది. కండెలక్క అన్నిటికీ తలూపింది. మీసం మెలేసే మేస్త్రీకి కూడా ఏనాడూ అంత వినయంగా తలూపి ఉండదు.

శనివారం పెద్దక్క ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, బూడిదరంగు శాలువా కప్పుకుని వచ్చింది. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగింది. తమ్ముడు చెయ్యి ఇవ్వబోతే తోసేసి, తనే గడప దాటింది. అక్కడి నుంచి వరస చివర గోడ వారగా నడిచింది, తన వెనక ఎవరూ లేకుండా చూసుకుంటూ. కండెలక్క ముందు నడుస్తూ గొంతు చించుకుంటోంది గానీ మనసంతా వరస చివరే ఉంది.

నూలు గోదాములో గోడల నిండా బొమ్మలు. కొన్ని మనుషుల్లా ఉన్నాయి, కొన్ని వేసినవాళ్ళకే తెలియాలి. పెద్దక్క బొమ్మలు చూడలేదు. ఇనప స్తంభం ఒకదాన్ని నడుము ఎత్తులో అరచేత్తో తడిమింది. ఏళ్ళ తరబడి నూలు బేళ్ళు రాసుకుని అక్కడ అద్దంలా నునుపు తేలింది. అద్దకం షెడ్డులో రాత్రి నాటకానికి అభ్యాసం జరుగుతోంది. రాజు వేషం వాడు మామూలు ప్యాంటులో నిలబడి శపథం చేస్తున్నాడు. వాడి కాళ్ళ కింద నేల ఇంకా నీలంగానే ఉంది. ఎన్నిసార్లు కడిగినా ఆ నీలం పోలేదని, పోదని, మేం వేసిన రంగు అలాంటిదని కండెలక్క అందరికీ చెప్పింది. బాయిలర్ గదిలో ఆమె మొగుడు ఒక్కసారిగా ఎత్తు పెరిగాడు. తన గది అది. కాఫీ మిషన్ బుస్సుమనగానే ఉలిక్కిపడి, ఆవిరి ఎంత ఉందోనని గోడ మీద మీటరు ముల్లు కోసం వెతికాడు. నవ్వారు అందరూ. ఆయనా నవ్వి, కాఫీ ఊదుకుంటూ తాగాడు.

అక్కడే వచ్చినవాళ్ళలో ఒకావిడ, కళ్ళజోడు మనిషి, పెద్దక్క దగ్గరికి వెళ్ళింది. మీరు కూడా ఇక్కడ పనిచేశారా అని అడిగినట్టుంది. పెద్దక్క నవ్వి తలూపింది. ఏ పని చేసేవారు అని అడిగింది. పెద్దక్క మళ్ళీ నవ్వి తలూపింది. ఆవిడ కాస్త తికమకపడి, తనూ నవ్వి, పక్కకు వెళ్ళిపోయింది. దూరం నుంచి కండెలక్క అంతా చూసింది. అనవసరంగా తీసుకొచ్చానేమో అనుకుంది. ఒప్పుకున్న షరతు నోటికి అడ్డం పడి, ఒక్క మాట సాయం చెయ్యలేకపోయింది.

మగ్గాల షెడ్డుకు చేరేసరికి పైకప్పు అద్దాల్లో ఇంకా కొంచెం వెలుగుంది. అప్పటికే జనం నిండారు. పెద్దక్క ఎవరినీ దారి అడగలేదు. గుంపును చీల్చుకుంటూ నేల చూసుకుంటూ వెళ్ళి, ఒక స్తంభం పక్కన ఆగింది. తన నాలుగు గుంతలు దొరికాయి. వాటి మధ్య నిలబడి శాలువా సరిచేసుకుంది. కండెలక్క వదిన వెనకే వెళ్ళబోయింది గానీ, చీలిన గుంపు మళ్ళీ కలిసిపోయి ఆమెనూ ఆమె వెంట ఉన్నవాళ్ళనూ అవతలి గోడ దాకా నెట్టేసింది. అప్పుడే పాట మొదలైంది.

డ్రమ్ము దెబ్బకు నేల వణికింది. అవతల, తలల మధ్యలోంచి, వదిన మొహం కనిపిస్తోంది. ముందు ఆ మొహంలో భయం కనిపించింది. ఆ తర్వాత పెద్దక్క చెప్పులు విడిచి, వట్టి పాదాలు నేలకు ఆనించి, కళ్ళు మూసుకుంది. అలా ఎంతసేపు నిలబడిందో. కళ్ళు తెరిచాక చుట్టూ వెతికి, మరదలి మొహం పట్టుకుంది. పెదాలు కదిలాయి.

ఇంతేనా పిల్లా, అంది. మన షెడ్డు మోతలో ఇది పావు వంతు కూడా లేదు.

కండెలక్కకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వీళ్ళవి లేత చెవులు వదినా, దీనికే పగిలిపోతాయి, అని పెదాలతోనే తిప్పి చెప్పింది. చెయ్యి గాలిలోకి లేపి, చెవులు మూసుకున్నట్టు చూపించింది. వాళ్ళిద్దరి మధ్యా రెండు వందల మంది ఎగురుతున్నారు. ఎవరి మాటా ఎవరికీ చేరడం లేదు, వీళ్ళిద్దరి మాట తప్ప. ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు నోరు పెట్టి అరుస్తున్నారు, ఏమిటీ ఏమిటీ అని మళ్ళీ అరుస్తున్నారు. పెద్దక్క ఆ మొహాలన్నీ ఒక్కొక్కటే చూస్తోంది. అరిచేవాళ్ళు పెదాలు నిండుగా తిప్పుతారు కదా, గొణగరు. ఇన్నాళ్ళకు ఆవిడకు ఊళ్ళోవాళ్ళ మాటలు అక్షరం పోకుండా కనిపించాయి.

ఎర్రచొక్కావాడు ఆ పిల్లకు తన ఉద్యోగం గొప్పలు చెప్పుకుంటున్నాడే, అంది వదిన తలల మీదుగా. ఆ పిల్లకు ఒక్క ముక్కా వినపడలేదు. చూడు, నవ్వి ఎలా తలూపుతోందో. అచ్చం నాలాగే.

వదిన మొహం పక్కకు తిప్పుకోలేదు.

ఇక్కడ ఒక్కళ్ళకీ వినపడదు పిల్లా, అంది. ఒక్కళ్ళూ సిగ్గుపడట్లేదు.

ఆ తర్వాత ఆవిణ్ణి ఆపడం ఎవరి తరం? గోడ పక్క పానీయాల కౌంటరు ఉంది. అక్కడున్నావిడ చెవి ముందుకు వంచి, చెయ్యి అడ్డం పెట్టుకుని, నిమ్మరసం అడిగినవాడికి బీరు, బీరు అడిగినవాడికి నీళ్ళు ఇచ్చుకుంటూ నానా తంటాలు పడుతోంది. పెద్దక్క చెప్పులు చేతపట్టుకుని వెళ్ళి కౌంటరు పక్కన నిలబడింది. దూరంగా ఉన్నవాళ్ళ పెదాలు చూసి, ఎవరికేం కావాలో వేలితో సీసాలు చూపించడం మొదలుపెట్టింది. కౌంటరు ఆవిడ ముందు అనుమానంగా చూసి, తర్వాత మారు మాట్లాడకుండా వేలు ఎటు చూపిస్తే అటు పోసింది. ఒక్కటీ తప్పు పోలేదు. మేస్త్రీ చూస్తే కళ్ళు తిరిగి పడిపోయేవాడు. అవతలి గోడ దగ్గర కండెలక్క, తన వెంట వచ్చినవాళ్ళను మోచేత్తో పొడిచి పొడిచి చూపించింది. అదిగో, ఆవిడే, మా వదిన అని అరిచింది. పరిచయం చెయ్యకూడదనే షరతు ఆమెకు అప్పుడు గుర్తులేదు. అయినా ఎవరికి వినపడింది గనక.

పాట మధ్యలో విరామం ఇచ్చారు. అందరూ గాలి కోసం రేవు మీదికి వచ్చారు. కాలువ మీద దీపాల వెలుగు పడింది. చెవులు గింగురుమంటున్నాయని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. పెద్దక్క రేవు అంచున నిలబడి చెప్పులు తొడుక్కుంటోంది. ఇందాకటి కళ్ళజోడు మనిషి కౌంటరు దగ్గర జరిగింది చూసినట్టుంది, ఆశ్చర్యం పట్టలేక మళ్ళీ దగ్గరికొచ్చింది. వంగి చెప్పులు చూసుకుంటున్న పెద్దక్కను పక్క నుంచి ఏదో అడిగింది. పెద్దక్క తలెత్తేసరికి ఆవిడ పెదాలు అప్పటికే ఆగిపోయాయి.

కండెలక్క గబగబా అటు నడిచింది. మళ్ళీ నవ్వీ తలూపూ చూడాలా అనుకుంది. ఆమె చేరేలోపే పెద్దక్క నిటారుగా లేచి నిలబడి, ఆవిడ భుజాలు రెండూ పట్టుకుని, దీపం వెలుగు ఆవిడ మొహం మీద పడేలా తిప్పింది.

"నాకు చెవులు వినపడవమ్మా" అంది. హద్దు తెలియని ఆ గొంతు రేవంతా మోగింది. బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు, కాలువ అంచున నిలబడ్డవాళ్ళు అందరూ తలలు తిప్పారు. "మొత్తం పోయాయి. ఈ షెడ్డులోనే పోయాయి, మగ్గాల దగ్గర. మొహం నాకేసి పెట్టి, పెదాలు బాగా తిప్పి అడుగు. చెబుతాను."

కళ్ళజోడు మనిషి ముందు తడబడింది. తర్వాత కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పినట్టు పెదాలు తిప్పుతూ, మీది ఏ మగ్గం అని అడిగింది.

"అలా అడుగు" అంది పెద్దక్క. "రా, చూపిస్తాను."

అని షెడ్డు వైపు నడిచింది. కళ్ళజోడు మనిషి ఆవిడ వెనక నడిచింది. ఆవిడను చూసి మిగిలినవాళ్ళు నడిచారు. వరస కట్టమని ఎవరూ చెప్పలేదు, అయినా కట్టారు. బల్లల దగ్గర ఉన్నవాళ్ళు కూడా కొందరు గ్లాసులు పట్టుకుని లేచి వచ్చారు. వరస ముందున పెద్దక్క వెనక్కి తిరిగి నడుస్తోంది, వచ్చేవాళ్ళ మొహాలు కనిపించేలా. ఎవరు ఏమడిగినా వేలు చూపించి, నువ్వడుగు, ఇటు చూసి అడుగు అంటోంది. నడక ఇంకా కొంత మిగిలే ఉంది, చెప్పాల్సినవి బోలెడున్నాయి. కండెలక్క అవన్నీ వదిలేసింది. మొగుడి చెయ్యి పట్టుకుని వరసలో ఆఖరున నిలబడింది. తను నడక నడిపిన ఇన్ని శనివారాల్లో ఆమెకు ఎప్పుడూ అంత గర్వంగా అనిపించలేదు.